శివరాత్రికి చలి నిజంగా పోతుందా? కంబళ్ళు మడిచేది ఏ గుర్తు చూసి?

పితికిపప్పు (బెంగళూరు) అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గరి పల్లె. ఉద్యోగరీత్యా బెంగళూరు చేరి 18 ఏళ్ళయింది. నాన్న పోయాక మా అమ్మ కూడా ఇక్కడికే వచ్చి మాతో ఉంటోంది. నా భార్య పుట్టింటివారు నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళి స్థిరపడినవారు. మా అత్తగారు ఏటా సంక్రాంతికి వచ్చి మాఘమాసం ముగిసేదాకా మా ఇంట్లోనే ఉంటారు. ఈ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ప్రతి ఏడూ ఒకే విషయం తేలకుండా ఉండిపోతుంది. చలికాలం ముగిసిందని దేన్ని చూసి నమ్మాలి, కంబళ్ళు ఉతికి అటక మీద పెట్టేది ఎప్పుడు అన్నదే ఆ విషయం.

అమ్మది ఒకటే మాట. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, అంతవరకు కంబళి మడవకూడదు. అత్తగారు మాత్రం రథసప్తమి నాడు జిల్లేడాకులు, రేగుపళ్ళు తలమీద పెట్టుకుని స్నానం చేసి వచ్చి, సూర్యుడి రథం మళ్ళింది కాబట్టి ఇక చలి తగ్గుముఖమే అంటారు. ఈ ఏడు (2026) రథసప్తమి జనవరి 25నే వచ్చింది. ఆ మాట మీద నేను రెండు కంబళ్ళు ఉతికించి పైన పెట్టించాను. ఆ తర్వాతి వారంలోనే ఒక తెల్లవారుజామున అమ్మకు కీళ్ళు పట్టేసి, లేచి కూర్చుని, శాలువా కప్పుకుని తెల్లారేదాకా అలాగే గడిపింది. నన్ను లేపలేదు. ఉదయం తెలిసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. అందుకే ఈ ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను.

నా సందేహం ఇది. శివరాత్రి 2021లో మార్చి 11న వచ్చింది, ఈ ఏడు ఫిబ్రవరి 15న వస్తోంది. మధ్య తేడా మూడు వారాలకు పైనే. పండుగ ముందుకూ వెనక్కూ జరుగుతుంటే చలి కూడా దాని వెంట జరుగుతుందా? లేక ఈ సామెత సుమారుగా చెప్పిన మాట మాత్రమేనా? తేదీ కాకుండా చెట్టునో, పిట్టనో, మంచునో చూసి చలి పోతోందని చెప్పే పద్ధతి మీ ఇళ్ళలో ఏదైనా ఉంటే దయచేసి రాయండి. ఆ గుర్తులు పల్లెలోనే కాక బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లో కూడా నిలుస్తాయా అన్నది కూడా తెలిస్తే మేలు.

కార్తెల లెక్క (బెంగళూరు) సమాధానం

పితికిపప్పు గారికి నమస్కారం. నేను ములబాగలు ప్రాంతం వాణ్ణి, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ అమ్మగారి మాటా, మీ అత్తగారి మాటా రెండూ నిజమే. అయితే అవి రెండు వేరువేరు సంగతులను చెబుతున్నాయి.

ముందుగా తిథి లెక్క. రథసప్తమి మాఘ శుద్ధ సప్తమి, శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. రెండూ చంద్రుణ్ణి పట్టుకుని నడిచేవి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే అవుతాయి కనుక ఈ పండుగలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి, అధికమాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా వెనక్కి పోతాయి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వస్తోంది కాబట్టి వచ్చే ఏడు శివరాత్రి మార్చి 6న పడుతుంది. ఎండ, చలి మాత్రం సూర్యుణ్ణి పట్టుకుని నడిచేవి. అందువల్ల మీరు అనుమానించినట్టే, పండుగ వెంట చలి జరగదు. సామెత చెప్పేది ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి వారాల దాకా ఉండే ఒక వెడల్పాటి కాలాన్ని. ఈ ఏడులాగా శివరాత్రి ముందుగా వచ్చినప్పుడు పండుగ తర్వాత కూడా పది రోజులు చలి మిగలవచ్చు. వెనక వచ్చిన ఏడు జాగరణ నాటికే ఉక్కపోత మొదలై ఉండవచ్చు.

ఈ చిక్కు తెలిసినందువల్లే కాబోలు, సేద్యం చేసేవాళ్ళు తిథుల మీద కాక కార్తెల మీద ఆధారపడ్డారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలమే కార్తె. కనుక అది ప్రతి ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. ఉత్తరాషాఢ కార్తె జనవరి 11 ప్రాంతంలో, శ్రవణం 24 ప్రాంతంలో, ధనిష్ఠ ఫిబ్రవరి 6 ప్రాంతంలో, శతభిషం 19 ప్రాంతంలో మొదలవుతాయి. మా నాన్న చదువుకున్నవాడు కాదు. అయినా వేకువజామున మడికి నీళ్ళు కట్టడానికి వెళ్ళేటప్పుడు ధనిష్ఠ కార్తె చివరిదాకా గొంగడి కప్పుకునేవాడు, శతభిషం వచ్చాక దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళేవాడు. నాకు తెలిసినంతలో ఆ లెక్క తప్పిన ఏడు అరుదు.

ఇక మీ అత్తగారు చెప్పిన రథం సంగతి. దీని గురించి కొంచెం వివరంగా రాయాలనిపిస్తోంది, ఎందుకంటే ఈ మాటను చాలామంది ఉత్త భక్తి విషయంగా తీసేస్తారు. సూర్యుడు నిజంగా ఉత్తరం వైపు తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మకర సంక్రాంతి నక్షత్రాల లెక్కన వచ్చేది కాబట్టి సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరుగుతూ నేడు జనవరి 14, 15 దగ్గర ఉంది. దాదాపు 1700 ఏళ్ళ కిందట ఈ రెండూ ఒకటే రోజు. అలాంటప్పుడు రథసప్తమికి రథం మళ్ళడమేమిటని అడిగేవారున్నారు. సూర్యోదయ సమయాలు చూస్తే నాకు ఒక సమాధానం కనిపించింది. బెంగళూరులో డిసెంబరు 21న పొద్దు సుమారు 6 గంటల 36 నిమిషాలకు పొడుస్తుంది. పగలు పెరగడం మొదలైనా సూర్యోదయం మాత్రం ఇంకా ఆలస్యమవుతూనే పోయి, జనవరి చివరి వారంలో సుమారు 6:46కు చేరి, అక్కడ ఆగి, ఫిబ్రవరిలో గానీ వెనక్కి తిరగదు. పెరిగిన పగలంతా సాయంత్రానికే పోతుంది. చెన్నై కూడా దాదాపు ఇదే అక్షాంశం మీద ఉంది కాబట్టి అక్కడా పొద్దు నడక ఇదే. అంటే వేకువన లేచి పనికి పోయే మనిషికి పొద్దు నిజంగా మళ్ళినట్టు అనిపించేది సంక్రాంతికి కాదు, రథసప్తమి వచ్చే రోజుల్లోనే.

దీనికి మరో కొస కార్తీకంలో ఉంది. "కార్తీకమాసాన కడవలు కడిగే పొద్దు ఉండదు" అని మన ఆడవాళ్ళు అనేవారు. మన అక్షాంశాల్లో సూర్యుడు అన్నిటికంటే తొందరగా అస్తమించేది డిసెంబరులో కాదు, నవంబరు మూడో, నాలుగో వారంలో. సాయంత్రం పొద్దు కార్తీకంలో కుదించుకుపోయి, ఉదయపు పొద్దు మాఘంలో విప్పుకుంటుంది. గడియారం లేని ఇంట్లో ఈ రెండూ ఇంత కచ్చితంగా మాటల్లోకి ఎక్కడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

మీరు బెంగళూరులోనే ఉన్నారు కనుక గవిపురంలోని గవి గంగాధరేశ్వర ఆలయం గురించి వినే ఉంటారు. మకర సంక్రాంతి సాయంత్రం సూర్యకిరణం నంది కొమ్ముల మధ్య నుంచి లోపలి లింగాన్ని తాకుతుంది. దక్షిణానికి పోయేటప్పుడు సూర్యుడు అదే దారిని దాటుతాడు కాబట్టి నవంబరు చివర్లోనూ ఆ కిరణం అలాగే లోపలికి వస్తుంది, కానీ దాని కోసం జనం పోగవరు. వెళ్ళేవాడికంటే తిరిగివచ్చేవాడికే మనం ఎదురు వెళతాం.

మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, రథసప్తమి ఉదయం పొద్దు మళ్ళిన గుర్తు, శివరాత్రి రాత్రి చలి విడిచే గుర్తు. అమ్మగారి కీళ్ళకు కావలసింది రెండోది.

వేపపూత (చెన్నై) సమాధానం

కార్తెల లెక్క గారి వివరణ చదివి చాలా సంతోషం కలిగింది. పితికిపప్పు గారూ, మీ అత్తగారు చెన్నై మనిషి కనుక ఆమె తరఫున నేను కొంత చెప్పాలి. మాది కూడా నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబమే, మూడు తరాలుగా ఇక్కడ ఉన్నాము.

చెన్నైలో చలి అన్న మాటకు పెద్ద అర్థం లేదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు. అది 1895 డిసెంబరు 11న ఒకసారి, 1905 జనవరి 29న మరొకసారి నమోదయింది. బెంగళూరులో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలకు దిగింది, అది సరిగ్గా సంక్రాంతి రోజులు. కాబట్టి చెన్నైలో పెరిగినవారికి రథసప్తమి తర్వాత కంబళి అక్కరలేదనిపించడం సహజం. ఆమె మాట ఆమె ఊరికి నిజం, 900 మీటర్ల ఎత్తున ఉన్న మీ ఊరికి సరిపోలేదు, అంతే. ఆమె మీద దయచేసి తప్పు పెట్టకండి.

ఇక్కడ మేము చూసేది చలిని కాదు, మంచును. తమిళులు దాన్ని "పని" అంటారు. వారి సామెత ఒకటి మా ఇంట్లోనూ వాడుకలోకి వచ్చింది: "తై పని తరైయై తుళైక్కుం, మాసి పని మచ్చై తుళైక్కుం." తై నెల మంచు నేలను తొలుస్తుంది, మాసి నెల మంచు మిద్దెను తొలుస్తుంది అని అర్థం. తై అంటే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, మాసి అంటే అక్కడి నుంచి మార్చి మధ్య దాకా. మన శివరాత్రి ఎక్కువగా మాసిలోనే వస్తుంది. అంటే మనం చలి పోయిందంటున్న నెలలోనే, మంచు మిద్దె దాకా ఎక్కుతుందని వాళ్ళు అంటున్నారు. చిన్నప్పుడు ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం అనుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం రెండూ కలిసి ఒకే సంగతిని చెబుతున్నాయనిపిస్తుంది. ఈశాన్య ఋతుపవనాల వానలు అక్టోబరులో మొదలై డిసెంబరుతో వెనుదిరుగుతాయి. ఆ తర్వాత ఆకాశం తేటపడుతుంది, గాలి నెమ్మదిస్తుంది, సముద్రం మీది తేమ మాత్రం అలాగే ఉంటుంది. తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడితే ఆ తేమ మంచుబిందువులై కూర్చుంటుంది. పగలు ఎండ ముదిరినా తెల్లవారుజామున మేడ మీద ఆరేసిన బట్ట తడిసి బరువెక్కేది అందుకే.

వానల గురించి తమిళులకూ మనకూ కలిసిన మాట ఇంకొకటి ఉంది. "కర్ణునితో భారతము సరి, కార్తికముతో వానలు సరి" అని మనవాళ్ళంటే, కార్తికై తర్వాత వాన లేదు, కర్ణుడి తర్వాత దానం లేదు అని వాళ్ళంటారు. చలికాలపు తలుపు ఇక్కడ తెరుచుకునేది ఆ వాన వెలిసినప్పుడే.

మా అత్తగారు బతికున్నంతకాలం చూసిన గుర్తులు రెండు. ఒకటి మా వీధి మొదట్లో ఉన్న వేపచెట్టు. మాఘం చివర్లో ఆకు పసుపుబారి గలగలా రాలి, కొమ్మలకు రాగిరంగు చిగురు కనిపించిందంటే మంచు ఇక పది పదిహేను రోజులేనని ఆమె చెప్పేవారు. ఉగాది పచ్చడికి పూత అందేది ఆ చిగురు వెనకే. రెండోది గాలి. డిసెంబరు, జనవరిలో ఈశాన్యం నుంచి వచ్చే గాలి మెల్లగా ఆగ్నేయానికి, దక్షిణానికి తిరుగుతుంది. తమిళులు తెన్రల్ అనే ఆ దక్షిణపు గాలి సాయంత్రం వరండాలో ముఖానికి తగిలిన రోజున ఆమె శాలువా తీసి దండెం మీద వేసేవారు. పంచాంగం చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

తోతాపురి (బెంగళూరు, శ్రీనివాసపురం) సమాధానం

మాకు కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర మామిడి తోట ఉంది. వారంలో ఐదు రోజులు బెంగళూరులో, మిగతా రెండు రోజులు తోటలో గడుపుతాను. (చిత్తూరు వైపు తోతాపురిని బెంగళూర మామిడి అనే అంటారు కనుక నన్ను రెండు ఊళ్ళ మనిషిగా లెక్క వేసుకోవచ్చు.)

మామిడి రైతుకు చలి ఎప్పుడు పోతుందన్నది ఇంటి విషయం కాదు, ఏడాది బతుకు. కొన్ని వారాలపాటు రాత్రులు చల్లగా ఉండి, నేల పొడిగా ఉంటే చెట్టు ఆకు మాని పూతకు దిగుతుంది. ఆ చలి సరిగా పడకపోతే పూత బదులు చిగురు వస్తుంది. అందువల్ల మాకు చలి రావాలి, మళ్ళీ సమయానికి పోవాలి. పూత విప్పుకున్నాక కూడా రాత్రి మంచు, పగలు మబ్బు పట్టుకుని ఉంటే బూడిద తెగులు వస్తుంది, తేనెమంచు పురుగు కంకిని పీల్చేస్తుంది. తోటలోకి అడుగుపెట్టగానే కింది ఆకులు జిగటగా మెరుస్తుంటే ఆ ఏడు మందులకు ఎంత పోస్తామో అన్న దిగులు మొదలవుతుంది.

మా తోటలో పనిచేసే పెద్దాయన చూసేది పిందెను. పూత ఎప్పుడు వచ్చిందన్నది ఆయన పట్టించుకోడు. కంకి మీద పిందె బఠాణీ గింజంత అయి, తెల్లవారి కంకిని చేత్తో తాకితే తడి అంటకపోతే "చలి దిగిపోయింది" అంటాడు. అది కొన్నేళ్ళు ఫిబ్రవరి మూడో వారంలో, కొన్నేళ్ళు మార్చిలో. చెట్టు అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. నేను దానికి ఒక్క షరతు కలుపుతాను: చెట్టు తానున్న చోటు సంగతే చెబుతుంది. బెంగళూరులో గోడ పక్కన, కాంక్రీటు వేడి తగిలే చోట పెరిగిన మామిడి మా తోటకంటే ముందే పూస్తుంది. దాన్ని చూసి కంబళి తీసేస్తే మోసపోతారు.

అలాగే నగరంలో చాలామంది గులాబీరంగు టబెబుయా పూలు చూసి వసంతం వచ్చిందంటారు. అవి బయటి దేశాల నుంచి తెచ్చి నాటిన చెట్లు, వాటిలో కొన్ని నవంబరు, డిసెంబరుల్లోనే ఒకసారి పూస్తాయి. చూడటానికి అందంగా ఉంటాయి కానీ చలికి అవి సాక్ష్యం కావు. వాటికంటే కానుగ చెట్టును గమనించండి. ఆకంతా రాల్చి, మిలమిల మెరిసే లేత ఆకు వేసిందంటే రాత్రులు మెత్తబడుతున్నాయని అర్థం. బెంగళూరు వీధుల్లో కానుగలకు కొదవ లేదు.

దూరపుకొండ (బెంగళూరు) సమాధానం

నేను అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి తిరిగివచ్చాను. మీ చర్చ చూస్తే అక్కడి ఒక ఆచారం గుర్తుకు వచ్చింది. ఆ రాష్ట్రంలోని పంక్సుటానీ అనే చిన్న ఊరిలో ఏటా ఫిబ్రవరి 2న గ్రౌండ్‌హాగ్ అనే, నేలలో బొరియ చేసుకుని బతికే ఉడుత జాతి జంతువును తెల్లవారుతుండగా బయటికి తీస్తారు. దానికి తన నీడ కనిపిస్తే చలి ఇంకా ఆరు వారాలు ఉంటుందని, కనిపించకపోతే వసంతం తొందరగా వస్తుందని చెబుతారు. 1887 నుంచి అక్కడ ఇది జరుగుతోంది. జర్మనీ ప్రాంతాల నుంచి వలస వెళ్ళినవారు తీసుకుపోయిన ఆచారం ఇది. క్రిస్మస్‌తో కలిపి 40వ రోజున వచ్చే క్యాండిల్‌మస్ పండుగ నాటి వాతావరణాన్ని బట్టి శకునం చూడటం అంతకుముందు నుంచే ఐరోపాలో ఉంది.

జోస్యంగా చూస్తే దానికి విలువ తక్కువే, సగం సార్లు కూడా సరిగా రాలేదని లెక్కలు చెబుతున్నాయి. కానీ నీడ అన్న మాట నన్ను ఆలోచింపజేసింది. నీడ పడాలంటే ఆకాశం తేటగా ఉండాలి. తేటగా ఉన్న ఆకాశం కింద శీతకాలపు రాత్రి మరింత చల్లబడుతుంది, మబ్బు పట్టితే దుప్పటి కప్పినట్టు వేడి నిలుస్తుంది. వేపపూత గారు మాసి మంచుకు చెప్పిన కారణం, అక్కడి నీడకు ఉన్న కారణం ఒకటే. వాళ్ళు ఒక్క ఉదయాన్ని చూసి ఆరు వారాలకు చెప్పబోయారు, అక్కడే తప్పింది. మన పెద్దలు ఇక్కడ చూసేవి చెట్టు, గాలి, మంచు వంటి నెమ్మదిగా మారే గుర్తులు. వాటిలో జోస్యం తక్కువ, గమనింపు ఎక్కువ. అందుకే అవి ఎక్కువగా నిలుస్తాయని నా అభిప్రాయం.

మన దగ్గర కూడా చలికాలపు ఆకాశాన్ని చూసి ముందు సంగతి చెప్పే విద్య ఉంది, కాని అది చలి గురించి కాదు, వాన గురించి. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భం గురించి రాశాడు. శీతకాలంలో మేఘం గర్భం ధరించిన 195 రోజులకు వాన ప్రసవిస్తుందని ఆయన లెక్క. తమిళనాడు రైతులు సూర్యుడు పూర్వాషాఢలో ఉన్న రోజుల్లో మబ్బుల నడక చూసి వచ్చే వానలను అంచనా వేసే గర్భోట్టం ఆ దారిలోనిదే. మంచు కురిసే దేశంలో చలి పోవడమే పెద్ద వార్త. మనకు దాని తర్వాత వచ్చే నీళ్ళే పెద్ద వార్త.

కార్తెల లెక్క (బెంగళూరు) మళ్ళీ

దూరపుకొండ గారి మాటకు ఒక చిన్న చేర్పు. మన సామెతలను విడివిడిగా కాక వరుసలో చదవాలి. "పుష్యమాసానికి పూసంత వేసంగి" అంటారు. వెనువెంటనే "మాఘమాసపు చలి మంటలో పడ్డా తీరదు" అంటారు. ఆపైన శివరాత్రికి చలి పోతుందంటారు. పుష్యంలోనే వేసవి పూస మొలిస్తే మాఘంలో మంటకు కూడా లొంగని చలి ఎక్కడిదని మా విద్యార్థి ఒకడు అడిగాడు. పూస మొలిచేది పగట్లో, చలి నిలిచేది రాత్రిలో అని అప్పుడు చెప్పాను. బెంగళూరులో జనవరి పగళ్ళు డిసెంబరుకంటే కొంచెం వెచ్చన, రాత్రులు మాత్రం జనవరిలోనే అట్టడుగుకు దిగుతాయి. ఫిబ్రవరిలో పగటికీ రాత్రికీ తేడా ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం చెమట పట్టిందని కంబళి తీసేసినవారు తెల్లవారి బాధపడేది ఇందుకే. పితికిపప్పు గారి అత్తగారు కంబళ్ళ మాట చెప్పింది పగటిపూట అయి ఉంటుంది.

పంచాంగం ప్రకారం మాఘ, ఫాల్గుణాలు రెండూ శిశిరమే, అంటే ఉగాది దాకా ఋతువు మారదు. సామెత మాత్రం శిశిరం నడుమనే చలికి సెలవిచ్చింది. ఈ విషయంలో నేను సామెత పక్షం.

వేపపూత (చెన్నై) మళ్ళీ

పితికిపప్పు గారూ, మా ఇంట్లో వాడే పద్ధతి చెబుతాను, మీ ఇద్దరు పెద్దవాళ్ళకూ సరిపోవచ్చు. రథసప్తమి నాడు కంబళ్ళన్నీ ఎండలో వేస్తాము, ఎందుకంటే ఆ రోజు ఎండ విలువ తెలిసిన రోజు. ఎండబెట్టిన వాటిలో మనిషికి ఒకటి మంచం కాళ్ళ దగ్గరే ఉంచి మిగిలినవి మాత్రమే ఎండు వేపాకు పొరలు వేసి లోపల పెడతాము. మిగిలిన ఆ ఒక్కటీ మడిచేది, వరసగా మూడు ఉదయాలు మేడ పిట్టగోడ మీద చెయ్యి పెడితే తడి తగలనప్పుడు. మీ అమ్మగారికి చెవులకు, మోకాళ్ళకు మంచుగాలి తగలకుండా చూడండి. కీళ్ళు మళ్ళీ అలా పట్టేస్తే కంబళితో సరిపెట్టక వైద్యులకు చూపించండి.

పితికిపప్పు (బెంగళూరు) మళ్ళీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ సమాధానాలన్నీ రాత్రి అమ్మకు, అత్తగారికి చదివి వినిపించాను. ఉదయపు సూర్యోదయం లెక్క విన్నప్పుడు అత్తగారి ముఖం వికసించింది. "నేను చెప్పింది పొద్దు గురించే కదా" అన్నారు. పిట్టగోడ పద్ధతి ఈ రోజు నుంచే మొదలుపెట్టాము. ఈ ఉదయం గోడ తడిగానే ఉంది. అటక మీది రెండు కంబళ్ళూ కిందికి దింపి, ఒకటి అమ్మ మంచం మీద, ఒకటి అత్తగారి మంచం మీద వేశాను.

అన్నీ విన్నాక అమ్మ తన గుర్తు ఒకటి బయటపెట్టింది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. అది అనపకాయ, అంటే చిక్కుడు జాతి కాయ. మా వైపు చలికాలమంతా అనపకాయలే కూర, పితికిన పప్పుతో పులుసు, సంగటి. బెంగళూరులో అవరెకాయ అంటారు, దాని ఘాటైన వాసనను కన్నడిగులు సొగడు అంటారు. మంచు బాగా పడినంతకాలం కాయ తోలు మీద జిడ్డులాంటి పస ఉండి, కోస్తే చేతికి ఆ వాసన అంటుకుంటుందని, మంచు తగ్గేకొద్దీ అది తేలిపోతుందని అమ్మ చెప్పింది. బజారులో కాయలు వచ్చినంతమాత్రాన చలి ఉన్నట్టు కాదట, వాసన ఉండాలట. నేను అంగట్లో చూసి కొనేవాణ్ణే గానీ వాసన చూసి కొన్నది లేదు.

కార్తెల లెక్క గారు చెప్పిన ధనిష్ఠ కార్తె వచ్చి రెండు రోజులే అయింది. ఈ సాయంత్రం అమ్మను వెంటబెట్టుకుని గాంధీబజారుకు వెళ్ళాను. బుట్టలోంచి ఒక కాయ తీసి, గోటితో తోలు గిల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ కాయ నా చేతికిచ్చి, "ఇంకా ఉందిరా, రెండు కిలోలు తీసుకో" అంది.